స్టీరింగా, గేమ్‌ప్యాడా? మధ్యలో చిన్నమ్మ చిట్టీ

పోయిన నెల ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే మా చిన్నబాపు కొడుకు. హన్మకొండలోనే ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, సీఎస్‌ఈ. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడంటేనే ఏదో ఉందని అర్థమైంది.

"అన్నా, ఒకటడుగుత. బాపుకు చెప్పొద్దు."

"ముందు అడుగురా."

"రేసింగ్ గేములకు స్టీరింగ్ కొందామనుకుంటున్న. 28 వేలు. ఆఫర్ రేపటిదాకనే ఉన్నది. కొనాల్నా, వద్దా?"

ఈ కాలమ్ చదివేవాళ్ళ నుంచి కూడా ఈ ప్రశ్న నాకు అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. స్టీరింగ్ కొనాలా, గేమ్‌ప్యాడ్‌తో సరిపెట్టుకోవాలా అని. చాలాసార్లు "మీ బడ్జెట్‌ను బట్టి" అని రాసి తప్పించుకున్నాను. తమ్ముడి దగ్గర ఆ పప్పులు ఉడకవు. పైగా ఆ బడ్జెట్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

చిన్నమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. వాళ్ళ గల్లీలో లక్ష రూపాయల చిట్టీ నడుస్తోంది, నెలకు 5 వేలు. మొన్న పాట పాడి ఎత్తుకుంటే చేతికి 82 వేలు వచ్చాయి. అందులో 75 వేలు వాడి చేతిలో పెట్టి, మంచి ల్యాప్‌టాప్ కొనుక్కో, వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్ల టైముకు ఇబ్బంది పడొద్దు అన్నది. మనవాడు లెక్క వేశాడు. 75 వేల ల్యాప్‌టాప్ బదులు 47 వేలది తీసుకుంటే 28 వేలు మిగులుతాయి. కోడింగ్ నేర్చుకోవడానికి 47 వేలది చాలదా? చాలుతుంది. అక్కడ వాడిని తప్పు పట్టలేం. చిట్టీ ఎత్తుకున్నా ఇంకో పన్నెండు నెలలు చిన్నమ్మ 5 వేలు కడుతూనే ఉండాలి, అది వేరే సంగతి.

"పండుకో. ఆఫర్లు మళ్ళొస్తయి. రేపు పొద్దున మా ఇంటికి రా" అన్నాను.

ఎందుకు రమ్మన్నానంటే, మా ఇంట్లో సజ్జ మీద పాత దుప్పటిలో చుట్టి ఒక స్టీరింగ్ ఉంది. నాదే.

2021లో హైదరాబాద్‌లో ముగ్గురం కలిసి రూములో ఉండేవాళ్ళం. వర్క్ ఫ్రం హోం రోజులు. మొదటి బోనస్ పడగానే కొన్నాను. నెల రోజులు పిచ్చిగా ఆడాను. రెండో నెల వారానికి రెండుసార్లు. మూడో నెలకు దాన్ని టేబుల్ మీద బిగించాలంటే ముందు ఆఫీసు ల్యాప్‌టాప్, మానిటర్ జరపాలి, పెడల్స్ కింద పెట్టాలి, నాలుగు వైర్లు కలపాలి, ఆట అయిపోయాక మళ్ళీ విప్పాలి. పది నిమిషాల పని. పది నిమిషాలే కదా అనిపిస్తుంది. పొద్దంతా పని చేసి రాత్రి పదికి ఒక అరగంట ఆడదామనుకునేవాడికి ఆ పది నిమిషాలే అడ్డం. గేమ్‌ప్యాడ్ అయితే సొరుగులోంచి తీసి బటన్ నొక్కితే ఆట మొదలు. స్టీరింగ్ కొనేటప్పుడు యూట్యూబ్‌లో ఎవరూ ఈ మాట చెప్పరు. వాళ్ళ గదుల్లో అది ఎప్పుడూ బిగించే ఉంటుంది మరి.

తర్వాత వరంగల్‌కు మారాను. స్టీరింగ్ సజ్జ ఎక్కింది.

ఆదివారం పొద్దున తమ్ముడొచ్చాడు. ఇద్దరం కలిసి దాన్ని కిందికి దించి దుమ్ము దులిపి బిగించాం. వాడికి ఒకటే చెప్పాను. "రెండు వారాలు రోజూ సాయంత్రం వచ్చి ఆడు. ఒకరోజు స్టీరింగ్, ఒకరోజు గేమ్‌ప్యాడ్. ఒకే గేము, ఒకే కారు, ఒకే ట్రాక్. టైములు నోట్‌బుక్కులో రాయి. తర్వాత కొనాల్నో వద్దో నువ్వే చెప్పు."

గేము అసెట్టో కోర్సా. 2014లో వచ్చింది, పాతదే, కానీ కారు టైర్ల మీద ఎలా నడుస్తుందో లెక్క కట్టడంలో ఇప్పటికీ పేరున్నది. ట్రాక్ ఇటలీలోని మోంజా, 5.793 కిలోమీటర్లు. పొడుగాటి రోడ్డు, చివర్లో గట్టిగా బ్రేక్ కొట్టి ఇరుకు మలుపులోకి దూరాలి. తప్పు చేస్తే వెంటనే తెలిసిపోయే ట్రాక్.

మొదటిరోజు గేమ్‌ప్యాడ్‌తో 1 నిమిషం 53 సెకన్లకు వచ్చాడు. రెండోరోజు స్టీరింగ్‌తో 1 నిమిషం 59. అది కూడా గడ్డిలోకి పోకుండా పూర్తయిన ఒక్క ల్యాపు. మిగతావన్నీ గింగిరాలే. వాడి మొహం చూడాలి.

"అన్నా, గిదేంది, 28 వేలది పెడితే స్లో అయిన?"

ఇక్కడ కొంచెం ఆగి, ఈ రెండూ లోపల ఏం చేస్తాయో చెప్పుకోవాలి. ఎందుకంటే చాలామంది గేమ్‌ప్యాడ్ అంటే చౌక రకం స్టీరింగ్ అనుకుంటారు. కాదు. రెండూ వేరే వేరే పనులు చేస్తాయి.

గేమ్‌ప్యాడ్ ఎడమ పుల్లను బొటనవేలితో ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పితే మొత్తం కదలిక రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. నిజమైన కారు స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు రెండున్నర, మూడు చుట్లు తిరుగుతుంది. లాజిటెక్ జీ29 లాంటివి 900 డిగ్రీలు, అంటే సరిగ్గా రెండున్నర చుట్లు. అంత తిప్పుడును రెండు సెంటీమీటర్లలో కుదించి, 250 కిలోమీటర్ల వేగంలో బొటనవేలు కొంచెం వణికితే ఏమవ్వాలి? కారు పల్టీ కొట్టాలి. కొట్టదు. ఎందుకంటే మధ్యలో గేము ఉంది. వేగం పెరిగేకొద్దీ పుల్లను పూర్తిగా తిప్పినా చక్రాలను కొంచెమే తిప్పుతుంది. పుల్లను టక్కున తిప్పినా చక్రాలను నిదానంగా తిప్పుతుంది. అంటే గేమ్‌ప్యాడ్ పట్టుకున్నవాడి వెనకాల కనబడని ఒక డ్రైవర్ కూర్చుని చేతులు సరిచేస్తూ ఉంటాడన్నమాట. సెట్టింగుల్లోకి వెళ్తే స్పీడ్ సెన్సిటివిటీ, స్టీరింగ్ ఫిల్టర్ అని కనిపించేవి వాడివే. అవన్నీ సున్నా చేసి ఒక్కసారి ఆడి చూడండి, గేమ్‌ప్యాడ్ అసలు స్వరూపం తెలుస్తుంది.

స్టీరింగ్ బిగిస్తే ఆ కనబడని డ్రైవర్ దిగిపోతాడు. మీ చెయ్యి ఎంత తిప్పితే చక్రం అంతే తిరుగుతుంది. మీ తప్పు మీదే. తమ్ముడు ఆరు సెకన్లు వెనకబడింది అందుకే.

మరి స్టీరింగ్ వల్ల వచ్చేదేంటి? అది మాట్లాడుతుంది. లోపల మోటారు ఉంటుంది. మలుపులో ముందు టైర్లు రోడ్డును పట్టుకున్నంతసేపు స్టీరింగ్ మీ చేతులతో కొట్లాడుతుంది, మధ్యకు రావాలని చూస్తుంది. టైర్లు జారడం మొదలవగానే ఆ బరువు పోయి చేతుల్లో తేలిపోతుంది. కంటికి కనిపించకముందే చేతికి తెలుస్తుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. గేమ్‌ప్యాడ్‌లో ఉండేది వైబ్రేషన్. అది "ఏదో అయింది" అని చెప్తుంది కానీ ఏమైందో, ఏ పక్క అయిందో చెప్పదు. ప్లేస్టేషన్ 5తో వచ్చిన డ్యుయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్లు గట్టిపడి బ్రేక్ లాక్ అవుతున్నట్టు తెలియజేస్తాయి. అది నిజంగా మంచి పని. అయినా చేతికి తెలియడం వేరు, వేలికి తెలియడం వేరు.

వెనక టైర్లు జారినప్పుడు మాత్రం స్టీరింగ్ కన్నా గేమ్‌ప్యాడే సుఖం. బొటనవేలు ఇటు నుంచి అటు తిప్పడానికి కన్నుమూసి తెరిచేంత చాలు. స్టీరింగ్‌తో అయితే ఒక చుట్టు ఎదురు తిప్పాలి. అలవాటైనవాళ్ళు పట్టు వదులు చేస్తారు, మోటారే దాన్ని తిప్పేస్తుంది, వీళ్ళు సరైన చోట మళ్ళీ పట్టుకుంటారు. ఇది రావడానికి తమ్ముడికి తొమ్మిది రోజులు పట్టింది. నాకు అప్పట్లో నెల పట్టింది, ఆ సంగతి వాడికి చెప్పలేదు.

అన్నింటికన్నా పెద్ద తేడా స్టీరింగ్‌లో లేదు, కాళ్ళ దగ్గర ఉంది. ల్యాప్ టైము పోయేదీ వచ్చేదీ బ్రేకుల దగ్గరే. గేమ్‌ప్యాడ్ ట్రిగ్గర్ ఒక సెంటీమీటరు కదులుతుంది. అందులో 70 శాతం ఎక్కడ, 80 శాతం ఎక్కడ అని వేలికి గుర్తుండటం కష్టం. పెడల్‌తో కాలికి ఆ గుర్తు ఉంటుంది. కొన్ని పెడల్స్ ఎంత దూరం తొక్కారో కొలుస్తాయి. ఖరీదైనవి ఎంత బలంగా తొక్కారో కొలుస్తాయి, వాటిని లోడ్ సెల్ అంటారు. మన కాలికి దూరం కన్నా బలమే బాగా గుర్తుంటుంది. అందుకే స్టీరింగ్ పాతదే ఉంచి పెడల్స్ ఒక్కటే మార్చుకునేవాళ్ళు ఉన్నారు. తెలివైనవాళ్ళు.

వారం గడిచేసరికి ఇంకో సమస్య. మా ఇంట్లో గ్రానైట్ బండలు. తమ్ముడు బ్రేక్ గట్టిగా తొక్కితే పెడల్స్ ముందుకు జారతాయి, వాడు కూర్చున్న చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. మోంజా మొదటి మలుపు దగ్గర ప్రతిసారీ వాడు టేబుల్‌కు ఒక మూర దూరం. చివరికి పెడల్స్‌ను గోడకు ఆనించి, ప్లాస్టిక్ కుర్చీ వేసి, కుర్చీ వెనక బియ్యం బస్తా పెట్టాం. అమ్మ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళింది. అనకపోవడమే ఎక్కువ భయం. రాత్రి పది దాటితే గేర్ల కటకట శబ్దం పక్క గదిలోకి వినబడుతుంది. స్టీరింగ్ ధర చూసేటప్పుడు కుర్చీ, స్టాండ్, చప్పుడు కూడా లెక్కలో వేసుకోండి. బిగించడానికి గట్టి టేబుల్ లేకపోతే మంచి స్టాండుకే మళ్ళీ కొన్ని వేలు.

ఆ శబ్దం ఎందుకంటే, చవక రకాల్లో మోటారుకూ స్టీరింగ్‌కూ మధ్య పళ్ళ చక్రాలుంటాయి. జీ29 అదే రకం. థ్రస్ట్‌మాస్టర్ టీ300 లాంటి వాటిలో బెల్టు ఉంటుంది, మెత్తగా తిరుగుతుంది. ఇంకా పైకి పోతే డైరెక్ట్ డ్రైవ్, అంటే మోటారు ఇరుసు మీదే స్టీరింగ్ బిగించి ఉంటుంది. ఒకప్పుడు అవి లక్షల్లో ఉండేవి. 2021లో ఫానటెక్ సీఎస్‌ఎల్ డీడీ, ఆ తర్వాత మోజా ఆర్5 వచ్చాక చాలా దిగాయి. అయినా దిగిన ధర కూడా మనకు జీ29 కన్నా ఎక్కువే. జీ29 రెండు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బలం చూపిస్తే, ఇవి ఐదు పైన చూపిస్తాయి. ఒకసారి స్నేహితుడి దగ్గర ఇలాంటిదే తిప్పి చూశాను. బాగుంది. కొనను.

తమ్ముడి దగ్గర ఇంకో వాదన ఉంది. "అన్నా, అసలు రేసర్లు ప్రాక్టీస్ జేసేది గిట్లనే గదా. గ్రాన్ టురిస్మో సినిమా జూడలేదా?" చూశాను. జాన్ మార్డెన్‌బరో కథ. 2011లో జీటీ అకాడమీ అనే పోటీ గెలిచి ప్లేస్టేషన్ ముందు నుంచి నిజం కారులోకి వెళ్ళినవాడు. ఆ పోటీ నడిపింది నిస్సాన్, సోనీ వాళ్ళు. అది ఆగిపోయి చాలా ఏళ్ళైంది.

అసలు రేసర్ల సంగతికొస్తే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది గుర్తుందా? కాజీపేటలో పొద్దున రైలెక్కి వెళ్ళినవాళ్ళలో నేనూ ఒకడిని. ఎన్టీఆర్ మార్గ్, ఐమ్యాక్స్, సెక్రటేరియట్ దగ్గరి రోడ్లనే 2.8 కిలోమీటర్ల ట్రాక్‌గా మార్చారు. 18 మలుపులు. మామూలు రోజుల్లో జనం నడిచే రోడ్డు కాబట్టి డ్రైవర్లకు ముందుగా వచ్చి ప్రాక్టీస్ చేసే అవకాశం లేదు. ఇలాంటి చోట్లకు టీములన్నీ సిమ్యులేటర్ల మీదే తయారై వస్తాయి. అయినా ఏమైంది? హెయిర్‌పిన్ మలుపు దగ్గర జాగ్వార్ డ్రైవర్ సామ్ బర్డ్ వచ్చి తన టీమువాడైన మిచ్ ఎవాన్స్‌నే గుద్దాడు. ఇద్దరి రేసూ అక్కడే పోయింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, వెనకాల నిక్ క్యాసిడీ చివరిదాకా అంటుకునే వచ్చాడు. ఆ తర్వాతి ఏడాది రేసు రద్దయింది, మళ్ళీ మన దగ్గరికి రాలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, వాళ్ళు సిమ్యులేటర్‌లో స్టీరింగ్ వాడేది అది గొప్పదని కాదు. రేపు ఎక్కబోయే బండిలో స్టీరింగే ఉంటుంది కాబట్టి. తమ్ముడు రేపు ఎక్కబోయేది క్యాంపస్ ఇంటర్వ్యూ.

పది రోజులకు టైములు మారాయి. గేమ్‌ప్యాడ్‌తో 1 నిమిషం 52 దగ్గరే ఆగిపోయాడు. స్టీరింగ్‌తో 1 నిమిషం 51న్నరకు వచ్చాడు. పెద్ద తేడా కాదు. నోట్‌బుక్కు చూస్తే మాత్రం ఇంకో సంగతి కనబడింది. గేమ్‌ప్యాడ్‌తో పది ల్యాపులు కొడితే ఒకటి 52, ఒకటి 55, ఒకటి 53. స్టీరింగ్‌తో పదిలో ఏడు ఒకే సెకను లోపల. వేగం కాదు, నిలకడ వచ్చింది. నాకు తెలిసి స్టీరింగ్ ఇచ్చేది ప్రధానంగా అదే. గంటసేపు సాగే ఆన్‌లైన్ రేసులు ఆడేవాళ్ళకు ఆ నిలకడ కోసమే డబ్బు పెట్టాలి.

మరో రోజు ఫోర్జా హొరైజన్ 5 పెట్టాను. మెక్సికో రోడ్ల మీద పొలాల్లోంచి, కాలువల్లోంచి ఎగురుకుంటూ పోయే ఆట. స్టీరింగ్‌తో పది నిమిషాలు ఆడి వాడే పక్కన పెట్టేశాడు. ఆ గేమును తయారు చేసిందే గేమ్‌ప్యాడ్ పట్టుకునేవాళ్ళ కోసం. నీడ్ ఫర్ స్పీడ్ బాపతు ఆటలూ అంతే. మా కాలంలో నయీంనగర్ నెట్ సెంటర్లో గంటకు 15 రూపాయలిచ్చి మోస్ట్ వాంటెడ్ కీబోర్డు మీద ఆడాం. బాణం గుర్తు నొక్కితే పూర్తి తిప్పుడు, వదిలితే సున్నా. మధ్యలో ఏమీ లేదు. అయినా ఆనందానికేం తక్కువ కాలేదు. ఆ కీబోర్డు నుంచి గేమ్‌ప్యాడ్‌కు వెళ్ళినప్పుడు దొరికే తేడా పెద్దది. గేమ్‌ప్యాడ్ నుంచి స్టీరింగ్‌కు వెళ్ళినప్పుడు దొరికే తేడా దానికన్నా చిన్నది, ఖర్చు మాత్రం పదింతలు.

రెండో ఆదివారం చిన్నబాపు వచ్చాడు. రోజూ సాయంత్రం కొడుకు ఎక్కడికి పోతున్నాడో చూద్దామని వచ్చినట్టున్నాడు. చిన్నబాపు ఆర్టీసీలో డ్రైవర్. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఇంకో మూడేళ్ళుంది రిటైర్మెంటుకు.

గది తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశాడు. "గిదేందిరా, స్టీరింగా?" అన్నాడు.

నేను లేచి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పెట్టి కూర్చోమన్నాను. వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. చేతులు పెట్టిన తీరు చూడగానే తేడా తెలిసిపోయింది. మేమిద్దరం స్టీరింగ్‌ను పిడికిళ్ళతో బిగించి పట్టుకుంటాం. ఆయన వేళ్ళు ఊరికే ఆనించాడు. మొదటి మాట, "అద్దాలేవి?" చూపించాను. రెండో మాట, "బ్రేకు గింత గట్టిగుంటదా? మా ఎయిర్ బ్రేకు మెత్తగుంటది." ఊరు దాటేదాకా నలభై దాటలేదు. రెడ్ సిగ్నల్ పడితే ఆగాడు. తమ్ముడు నవ్వాడు. "పోలీసోడు లేడు బాపు, పో" అన్నాడు. ఆయన పోలేదు.

ఒక రౌండ్‌అబౌట్‌లో ట్రైలరు వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కింది. ఆయనకు తెలియలేదు. అప్పుడు చెయ్యి తీసేసి అన్నాడు, "ఎనక టైరు యాడున్నదో తెలుస్తలేదురా. బండి నడుముకు తెల్వాలె, చేతికి కాదు. ముందు టైరుల గాలి తక్కువైతే స్టీరింగ్ గుంజుతది, గది చేతికి తెలుస్తది. ఎనక ఏమైనా అయితే సీటుకు తెలుస్తది. గీ కుర్చీకి ఏం తెలుస్తది?"

వేల రూపాయల పరికరాల మీద నేను చదివిన రివ్యూల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఇంట్లో పెట్టుకునే స్టీరింగ్ ముందు టైర్ల సంగతి చెప్తుంది. వెనక టైర్ల సంగతి చెప్పాలంటే కుర్చీ కదలాలి. అలాంటి మోషన్ రిగ్గులు ఉన్నాయి, అవి మన ఇళ్ళల్లోకి వచ్చే ధరలో లేవు. తమ్ముడు పదేపదే గింగిరాలు తిరిగింది కూడా అక్కడే.

తర్వాత ఆయన అడగాల్సిందే అడిగాడు. "ఎంత ఉంటది గిది?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను తమ్ముడి వైపు చూశాను. "పాతిక వేల పైన" అన్నాను.

"మీ చిన్నమ్మ ఐదు నెలల చిట్టీ" అన్నాడు. కోపంగా అనలేదు. డ్రైవర్లకు లెక్క అలవాటు, డీజిల్‌కు కిలోమీటర్లు కట్టినట్టు కట్టాడు అంతే. తమ్ముడు తల దించుకుని, "నేను గూడ కొందామనుకున్న బాపు. ల్యాప్‌టాప్ పైసలల్ల" అన్నాడు. ఎవరూ చెప్పమనలేదు. గదిలో ట్రక్ ఇంజను చప్పుడు ఒక్కటే వినబడుతోంది. చిన్నబాపు కాసేపు తెర వైపే చూసి, "మరి కొన్నవా?" అన్నాడు. లేదన్నాడు వాడు. "అయితే సరే" అని లేచి, చాయ్ పెట్టమని అమ్మను కేకేశాడు.

ఇప్పుడు అసలు లెక్క. తమ్ముడు వేసిన దాంట్లో ఒక పెద్ద బొక్క ఉంది, వాడికే కాదు, చాలామందికి తట్టదు. 75 వేల ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. వాడు చూసిన 47 వేల దాంట్లో లేదు. అంటే స్టీరింగ్ కొనడానికి తగ్గించిన డబ్బు సరిగ్గా ఆ స్టీరింగ్‌తో ఆడాల్సిన గేమును నడిపించే డబ్బు. తీరా కొన్నాక తెర మీద కారు ముక్కలు ముక్కలుగా కదిలేది. సెకనుకు అరవై బొమ్మలు రాకపోతే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఎంత మంచిదైనా చేతికి ఒకటి, కంటికి ఒకటి తెలుస్తాయి. ముందు నడిపే యంత్రం, తర్వాత గేమ్‌ప్యాడ్, ఆ రెండూ ఉండి ఏడాది దాటినా మోజు తగ్గకపోతే అప్పుడు స్టీరింగ్. ఈ వరసను తిరగేసినవాళ్ళవి ఓఎల్‌ఎక్స్‌లో కనిపిస్తుంటాయి, "పెద్దగా వాడలేదు" అని. సెకండ్ హ్యాండ్ కొనాలనుకుంటే మంచిదే, కానీ వెళ్ళి ఆన్ చేయించండి. కరెంటు ఇవ్వగానే అది తనంతట తాను రెండు వైపులా తిరిగి మధ్యకు రావాలి. బ్రేక్ నిదానంగా తొక్కుతుంటే తెర మీద గీత కూడా నిదానంగా పెరగాలి, ఎగిరెగిరి పడొద్దు. జీ29 ప్లేస్టేషన్‌కు, పీసీకి పనిచేస్తుంది, ఎక్స్‌బాక్స్‌కు చేయదు. దానికి జీ920 ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చూసుకోండి.

గేమ్‌ప్యాడ్ కొనేవాళ్ళు ఒక్క మాట అడగండి, హాల్ ఎఫెక్ట్ పుల్లలా కాదా అని. మామూలు వాటిలో పుల్ల కింద ఒక భాగం రాసుకుని రాసుకుని అరిగిపోతుంది. తర్వాత మీరు ముట్టుకోకపోయినా కారు ఎడమకు పోతుంటుంది. హాల్ రకంలో అయస్కాంతంతో కొలుస్తారు, రాపిడి లేదు. ఇప్పుడు రెండు వేలు, రెండున్నర వేల రకాల్లో కూడా దొరుకుతున్నాయి.

ఇంకొకటి నా సొంత గోడు. పొద్దంతా కీబోర్డు, రాత్రి గేమ్‌ప్యాడ్. పోయినేడాది ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది, మణికట్టు దాకా లాగేది. డాక్టరు కొన్నాళ్ళు ఆపమన్నారు, ఆపాక తగ్గింది. స్టీరింగ్‌తో భుజాలు నొస్తాయి కానీ బొటనవేలు నొయ్యదు. మీకూ అలాంటి ఇబ్బంది ఉంటే నేను పైన చెప్పిన వరస మీకు వర్తించదు. అప్పుడు స్టీరింగ్ విలాసం కాదు. ఉద్యోగం నడిపించే వేళ్ళను గేము కోసం పాడు చేసుకోవద్దు.

తమ్ముడు ల్యాప్‌టాప్ కొన్నాడు, 73 వేలకు. మిగిలిన రెండు వేలకు హాల్ ఎఫెక్ట్ గేమ్‌ప్యాడ్. బిల్లులు రెండూ చిన్నమ్మకు చూపించాడట. ఆమె గేమ్‌ప్యాడ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కూడా కాలేజీలో అడిగారా అన్నదట. కాదనే చెప్పాడు.

నా స్టీరింగ్ మళ్ళీ సజ్జ ఎక్కలేదు. వాళ్ళింట్లో చిన్నమ్మ మిషన్ పక్కన పాత టేకు బల్ల ఒకటుంది, గట్టిది, దానికి బిగించి ఉంది. సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా తమ్ముడు ముట్టుకోవద్దని షరతు. మొన్న బుధవారం రాత్రి వాడే ఫోన్ చేశాడు, ఈసారి కూడా గొంతు తగ్గించి.

"అన్నా, అద్దాలు పెద్దగ కనవడాలంటే సెట్టింగ్‌ల ఏడుంటది? బాపు అడుగుతుండు."